జింక జాడ తీయడానికి పొట్టికాళ్ల కుక్క: రెండేళ్ల తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది వేటకుక్క గురించి కాదు. వేటకు ఏ జాతి మంచిదని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోండి, మీకు పనికొచ్చేది ఇందులో ఏమీ లేదు, పైగా జైలుకు పోతారు. దెబ్బ తగిలి పొలాల్లోకి పారిపోయిన జింక ఎక్కడ పడి ఉందో ఫారెస్టోళ్లకు చూపించడానికి నేనొక చిన్న కుక్కను కొనుక్కున్నాను. డాక్స్‌హుండ్. మన దగ్గర డాషండ్ అంటారు, మా ఊళ్లో అయితే "ఆ పొట్టికాళ్లది". పేరు బుడ్డి. రెండేళ్లు దాటింది మా ఇంటికొచ్చి. కుక్కకు నాలుగు స్టార్లు ఇస్తాను, అమ్మినవాడికి ఒకటి, ఆ ఒక్కటి కూడా ఫోన్ ఎత్తుతాడు కాబట్టి.

మాది మాగనూరు వైపు. ఇప్పుడు నారాయణపేట జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా పాలమూరే వస్తుంది. ఇటు ముడుమల్ నిలువురాళ్లు, అటు కృష్ణ దాటితే రాయచూరు. అడవి అనేది లేదు, చెట్టే తక్కువ, చూపు ఆనినంత దూరం నల్లరేగడి, పత్తి, కంది, నీళ్లున్న చోట వరి, గట్ల వెంట సర్కారు తుమ్మ. ఇట్లాంటి బయలే కృష్ణజింకలకు కావాలి. అమ్రాబాద్ అడవిలో ఉండే చుక్కల దుప్పులు, కణుజులు వేరు, మావి వేరు. శాస్త్రం ప్రకారం కృష్ణజింక అసలు దుప్పుల కుటుంబమే కాదట, యాంటిలోప్ అట, దుప్పికి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి, దీనికి ఒకసారి వచ్చిన కొమ్ములే చచ్చేదాకా ఉంటాయి. మగది ఇర్రి, ఆడది లేడి. మనం అన్నిటినీ జింకే అంటాం, నేనూ అట్లే రాస్తాను, తప్పులు పట్టకండి.

ఇక మా నాయిన సంగతి. పత్తి మొలక రెండాకులు వేసిందో లేదో ఇరవై ముప్పై జింకల మంద దిగి తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు నున్నగా చేసి పోతుంది, మళ్లీ గింజలు కొనాలి, మళ్లీ కూలి. కుక్కను కొంటున్నానంటే ఆయనకు ముందు సంతోషం వేసింది. తర్వాత విషయం తెలిసి, "తరిమే కుక్కను తేరా అంటే ఎతికే కుక్కను తెస్తవా? తప్పిపోయినదాన్ని ఎతికి మళ్ల నా చేన్లనే ఇడుస్తవా?" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆయన కడుపుమంట నిజమే. కానీ తరమడం కూడా కుదరదని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వెంటపడి తరమడం, ఉచ్చు పెట్టడం, చివరికి ఆ ప్రయత్నం చేయడం కూడా వేట కిందికే వస్తుంది. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే, తేలితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. సల్మాన్ ఖాన్ కేసు ఈ జింక గురించే కదా, 1998 నాటి సంఘటనకు 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్లు వేసింది, ఆయన అప్పీలుకు పోయారు. ఊళ్లో ఎవరికి చెప్పినా చట్టం పేరు గుర్తుండదు గానీ సల్మాన్ పేరు చెప్తే వెంటనే అర్థమవుతుంది.

మరి వెతికే కుక్క ఎందుకు? రాయచూరు రోడ్డు మీద రాత్రిపూట బండ్లు కొడతాయి, ఊరకుక్కలు గుంపుగా పడి కరుస్తాయి, చేనుకు చుట్టిన తీగల్లో కాళ్లు ఇరుక్కుంటాయి. దెబ్బ తగిలిన జింక అక్కడే పడి ఉండదు. మూడు కాళ్ల మీదైనా సరే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోయి ఏ పొద కిందో ముడుచుకుంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం, పదిమందిమి కలిసి పత్తిచేన్లో వరుసగా నడుస్తూ అరుచుకుంటూ వెతుకుతాం. అది మళ్లీ లేచి పరుగెత్తుతుంది. ఇట్లా రెండుసార్లు లేపితే చాలు, గాయం చిన్నదైనా సరే, భయానికి, పరుగుకు కండరాలు దెబ్బతిని ఆ రోజో మర్నాడో ప్రాణం పోతుంది. దీనికి డాక్టర్లు చెప్పే ఇంగ్లిష్ పేరు క్యాప్చర్ మయోపతి. నా కళ్ల ముందే అట్లా ఒకటి పోయింది. కాలి మీద జానెడు గాయం, అంతే. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ సార్ చేతుల్లోనే తల వాల్చేసింది. ఆ రాత్రే ఫోన్లో కుక్కల గురించి చదవడం మొదలుపెట్టాను.

నాకు కావలసినవి మూడే. ముక్కు మంచిది కావాలి, నోరు తక్కువ ఉండాలి, బైకు మీద పట్టాలి. మూడోది చూసి నవ్వకండి, మాకు బొలెరో లేదు, గట్ల మీద పోయేది బైకే, వెనక టమాట డబ్బా కట్టి అందులో కూర్చోబెట్టాలి. అందుకే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ మాటే అనుకోలేదు, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్లు వాడేవి ఎక్కువగా షెపర్డ్‌లు, మాలినాయిలే అయినా.

ఊరకుక్కనే పెంచి నేర్పిద్దామని మొదట అనుకున్నాను. వాటి ముక్కును తక్కువ అంచనా వేయొద్దు, ఎండకు తట్టుకోవడంలో వాటిని మించింది లేదు. కానీ జింక కనబడగానే పక్కింటి నాలుగు కుక్కలతో కలిసి తరమడమే వాటికి చిన్నప్పటి నుంచి వచ్చిన చదువు, మాకు వచ్చే కేసుల్లో సగం వాటి పుణ్యమే. లంబాడీ కుక్క, ముధోల్ లాంటివి కంటితో చూసి వెంటాడే జాతులు, ముక్కు నేలకు పెట్టి ఓపిగ్గా నడవడం వాటి పని కాదు, పైగా ఎత్తు. మన పక్క కర్నూలు వాళ్ల పందికోన కాపలాకు పేరున్నది, దాన్ని కాపలాకే ఉంచుదాం. పొమేరియన్ పేరుతో అమ్మే తెల్లబొచ్చు కుక్కను అసలు లెక్కలోకి తీసుకోలేదు, ఒక్కసారి పల్లేరు కాయల్లో తిరిగి వస్తే దాని బొచ్చు దువ్వడానికే పూట పడుతుంది.

చివరికి మిగిలింది బీగిల్, డాషండ్. బీగిల్ గురించి నిజాయితీగా చెప్పాలి, ముక్కు విషయంలో అది గొప్పదే. మహబూబ్‌నగర్‌లో ఉండే నా క్లాస్‌మేట్ దగ్గర ఒకటి ఉంటే ఆదివారం పూట మా చేనుకు తెప్పించి చూశాను. ఇంగ్లండ్‌లో కుందేళ్ల వెంట గుంపుగా పోవడానికి తయారుచేసిన జాతి అది, వాసన తగలగానే గొంతెత్తి ఊళ పెట్టడం దాని రక్తంలో ఉంది, వెనక కాలినడకన వచ్చే వేటగాళ్లకు వినబడాలి కదా. మా చేన్లో కుందేలు జాడ దొరికిందో ముంగిస జాడ దొరికిందో తెలియదు గానీ పక్క ఊరికి వినబడేట్టు అరిచింది. దెబ్బ తగిలి పడుకున్న జింకకు ఆ గొంతు వినబడితే ఇంకేముంది, లేచి కృష్ణలో దూకుతుంది. ఇంట్లో పిల్లలతో ఆడుకోవడానికి బీగిల్ బంగారం, ఈ పనికి మాత్రం నాకు నచ్చలేదు. ఓపిక ఉన్నవాళ్లు అరవకుండా నేర్పించుకుంటారేమో, నాకు అంత ఓపిక లేదు.

డాషండ్ వైపు ఎందుకు మొగ్గానంటే, జర్మనీలో ఫారెస్టోళ్లు, వేటగాళ్లు దీన్ని చాలాకాలంగా ఈ పనికే వాడుతున్నారు. జర్మన్‌లో డాక్స్ అంటే బ్యాడ్జర్, నేల బొరియల్లో ఉండే జంతువు, హుండ్ అంటే కుక్క. బొరియల్లోకి దూరడానికి కాళ్లు పొట్టిగా ఉండే కుక్కల్ని చేసుకున్నారు, తర్వాత అదే కుక్క ముక్కు నేలకు దగ్గర, నడక నిదానం, పట్టుదల ఎక్కువ కాబట్టి తూటా తగిలి తప్పిపోయిన దుప్పిని వెతకడానికి కూడా పెట్టారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గాయపడిన వైట్‌టెయిల్ దుప్పిని పట్టీ కట్టిన కుక్కతో వెతకనిస్తారు, అక్కడా డాషండ్‌కు మంచి పేరుంది. వాళ్లకు వేట లైసెన్సు ఉంటుంది, మనకు ఉండదు, ఆ తేడా మర్చిపోవద్దు. పద్ధతి మాత్రం అదే, కుక్క మెడలోనో ఛాతీకో పొడుగు పట్టీ, వెనక మనిషి, కుక్కను ఎప్పుడూ విడిచేది లేదు.

వేగంగా పోయే కుక్క ఈ పనికి పనికిరాదు అనేది నాకు ఆలస్యంగా తెలిసింది. జింక గంటకు ఎనభై కిలోమీటర్లు పోతుంది, దానితో పందెం పెట్టుకునే కుక్క భూమ్మీద లేదు. మనకు కావలసింది మంద అంతా తొక్కిపోయిన నేలలో ఆ ఒక్క దెబ్బతిన్న జింక వాసనను పట్టుకుని విడవకుండా నడిచేది. ఊరికే రక్తం చుక్కలైతే మనమూ చూడగలం, అవి ఒక వంద అడుగుల్లో ఆగిపోతాయి. ఆ తర్వాత కుక్కకు దారి చూపేది ఒంటి వాసన, కాలి వాసన. దుప్పులకు వెనక కాళ్ల గిట్టల దగ్గర వాసన గ్రంథులుంటాయి, కృష్ణజింకకు కంటి మూలన నల్లటి గుంటలా కనబడేది కూడా అట్లాంటి గ్రంథే. మనకు మట్టి మాత్రమే కనబడే చోట కుక్కకు ఊరంత సమాచారం.

ఇక కొన్న కథ. హైదరాబాద్‌లో ఒక కెన్నెల్, పేరు రాయను, రాసినా ఈపాటికి బోర్డు మార్చి ఉంటాడు. ఫోన్లో "మినీ డాషండ్ సార్, ఐదు కిలోలు దాటదు, అరవై రోజుల పిల్ల, టీకా అయింది, పేపర్ ఉంది" అన్నాడు. పద్నాలుగు వేలు. పోయి చూస్తే అరచేతిలో పట్టేంత ఉంది, కళ్లు మాత్రం టీచర్ చూసినట్టు చూస్తోంది, ఇంక బేరం ఆడే తెలివి నాకు ఎక్కడిది. పేపర్, అంటే జాతి సర్టిఫికెట్, అడిగితే దానికి ఇంకో నాలుగు వేలు అన్నాడు. వద్దన్నాను. బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చాను. రెండో రోజే విరేచనాలు. మహబూబ్‌నగర్ తీసుకుపోతే డాక్టరమ్మ నోరు తెరిచి చూసి ఒకే మాట అడిగారు, "ఇది రెండు నెలల పిల్ల అని ఎవరన్నారు?" రెండు నెలలకు కుక్కపిల్లకు ఇరవై ఎనిమిది పాలపళ్లు వచ్చేసి ఉండాలట, దీనికి వెనక పళ్లు ఇంకా చిగుళ్ల కిందే ఉన్నాయి. ఐదారు వారాలు ఉంటుందేమో అన్నారు. అంటే తల్లి దగ్గర నుంచి తొందరగా లాగేశారు, టీకా కూడా ఉత్తమాటే, కడుపు నిండా పురుగులు. కుక్కల అమ్మకం మీద 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు, అమ్మేవాడికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇవి కొనడానికి పోయే ముందు తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ఆ వారం పది రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే, సిరంజీతో ఓఆర్ఎస్ తాగించింది మా అమ్మే. మొదటి రోజు దాన్ని చూసి "కాళ్లు సగం కోసి అమ్మిన్రా ఏంది బిడ్డా" అని నవ్వింది కూడా ఆమే.

మినీ అన్నది కూడా అబద్ధమే. ఇప్పుడు తొమ్మిదిన్నర కిలోలు, అంటే మామూలు సైజు డాషండ్. ఈ ఒక్క మోసం మాత్రం నాకు కలిసొచ్చింది, ఎందుకంటే నిజంగా మినీ అయితే పత్తికట్టెల మధ్య కిలోమీటరు నడవలేదు. మీరు కొనేటప్పుడు చూడాల్సింది బరువు కాదు, ఛాతీ కింద నేలకు ఎంత ఎడం ఉందో చూడండి. భుజం దగ్గరి ఎత్తులో దాదాపు మూడో వంతు ఖాళీ ఉండాలని వాళ్ల జర్మన్ ప్రమాణమే చెప్తుంది. మన దగ్గర అందం కోసం పెంచే కొన్నింటికి ఛాతీ నేలకు ఊడ్చినట్టే ఉంటుంది, అవి సోఫాకు బాగుంటాయి. పిల్లలో ఇది తెలియదు కాబట్టి తల్లిని, తండ్రిని చూపించమనండి. చూపించనన్నాడా, వెనక్కి వచ్చేయండి. బొచ్చు మూడు రకాలు, నున్నటిది, పొడుగుది, గరుకుది. యూరప్‌లో జాడ పనికి గరుకు బొచ్చుదాన్ని ఎక్కువ ఇష్టపడతారు, ముళ్లకు ఆగుతుంది. నేను అడిగిన నాలుగైదు చోట్ల నున్నటిదే ఉంది.

నేర్పడం దగ్గర ఒక తమాషా జరిగింది. యూరప్‌లో దుప్పి రక్తం, గిట్టలు పెట్టి దారి వేసి నేర్పుతారు. మన దగ్గర జింక గిట్ట, తోలు, కొమ్ము ఏది ఇంట్లో ఉన్నా కేసే, ఎక్కడో దొరికిందన్నా నడవదు. అందుకని నేను మటన్ కొట్టు నుంచి మేక కాలు తెచ్చి తాడు కట్టి చేన్లో ఈడ్చి, చివర్లో ఉడకబెట్టిన కాలేయం ముక్క పెట్టేవాణ్ణి. మూడు నెలల్లో బుడ్డి అద్భుతంగా నేర్చుకుంది. మేకల్ని పట్టడం! మా వైపు గొర్లు మేకలు ఎంత ఎక్కువో తెలుసు కదా, ఒక రోజు సాయంత్రం నన్ను రెండు పొలాలు దాటించి సరాసరి ఒక పెద్దాయన మేకల దొడ్డి ముందు నిలబెట్టి తోక ఊపింది. ఆయన నన్నూ కుక్కనూ మార్చి మార్చి చూసి "ఏం పోయింది పటేలా" అన్నాడు. ఏం చెప్పను.

తర్వాత పద్ధతి మార్చాను. రేంజ్ ఆఫీసులో ముందుగా చెప్పి, పట్టీ విప్పను అని మాట ఇచ్చి, మా సొంత చేన్లోనే చేశాను. పొద్దున్నే మంద దాటిపోవడం గట్టు మీద నుంచి చూసుకోవడం, అవి కనుమరుగయ్యాక గంట ఆగి ఆ దారిన కుక్కను నడిపించడం, ఎండిన పెంటికలు వాసన చూపించడం, కొంత దూరం పోయాక ఆపి తినడానికి పెట్టడం. జింక కనబడితే పని అక్కడికి ఆగిపోతుంది, వెనక్కి తిరగడమే. మేక జాడ పడితే మౌనంగా నిలబడేవాణ్ణి, తిట్టేది లేదు, ముక్క మాత్రం దొరకదు. ఏడాది పట్టింది. ఈ జాతికి మొండితనం ఎక్కువ, తిడితే వినదు, పడుకుంటుంది.

ఒక్క రోజు గురించి రాస్తాను, మిగతావి మీరే ఊహించుకోండి. సంక్రాంతి పోయిన వారం, పొద్దున ఆరున్నర. రోడ్డు మీద ఒక లేడిని కారు కొట్టిందని, అది రోడ్డు దిగి పోయిందని బీట్ ఆఫీసర్ సార్ ఫోన్. పోయేసరికి మంచు ఇంకా వీడలేదు. కంకర మీద రూపాయి బిళ్లంత రక్తం రెండు చోట్ల, కొన్ని వెంట్రుకలు. బుడ్డికి ఛాతీ బెల్టు వేసి పది మీటర్ల పట్టీ తగిలించాను. అది వెంటనే పోలేదు. ఆ వెంట్రుకల చుట్టూ రెండు రౌండ్లు తిరిగి, ఒకసారి తుమ్మి, తోక కట్టెలా నిలబెట్టి ముక్కు మట్టికి ఆనించింది. ఏరడం అయిపోయిన పత్తిచేను అది, కట్టెల మధ్య పట్టీ ప్రతి నాలుగడుగులకూ తట్టుకుంటోంది, నేను విడిపిస్తుంటే ఆగి వెనక్కి చూస్తుంది, ఆలస్యం చేస్తున్నావు అన్నట్టు. గట్టు దాటి కందిలోకి దిగింది. ఒక చోట ఆగి ఒక ఆకును అదేపనిగా వాసన చూస్తుంటే వంగి చూశాను, నా మోకాలి ఎత్తులో ఆకు అంచున గోటితో గీసినంత ఎర్ర మరక. కుక్క ఆగకపోతే అది నాకు ఈ జన్మలో కనబడేది కాదు.

ఒర్రె దగ్గర జాడ పోయింది. తడి ఇసుక నిండా తాజా గిట్టల గుర్తులు, మంద అప్పుడే దాటింది. బుడ్డి ఎడమకు ఇరవై అడుగులు పోయింది, తిరిగొచ్చింది, కుడికి పోయింది, కూర్చుంది. సార్ వాచీ చూసుకుంటూ "ఇది మంద ఎంట పోతదేమో, ఇక వద్దులే" అన్నారు. నాకూ అదే అనిపించింది. నీళ్లు తాగించి ఊరుకున్నాను. పది నిమిషాలకు తనే లేచి, మంద పోయిన దిక్కుకు కాకుండా ఒర్రె పైకి, ఎదురు దిక్కుకు గుంజింది. అక్కడి నుంచి మూడు వందల అడుగులు ఉంటుందేమో. ఈతపొద ముందు ఒక్కసారిగా ఆగి, అరవలేదు, గొంతులో సన్నగా మూలిగింది. పొద కింద రెండు చెవులు కనబడ్డాయి. కుక్కను చంకలో వేసుకుని అట్లే వెనక్కి నడిచాను, సార్ ఒక్కరే పోయి తువ్వాల కళ్ల మీద కప్పారు. కళ్లు కప్పితే అవి సగం నెమ్మదిస్తాయి. ఎనిమిదీ పది అయింది అప్పటికి, ఒకటిన్నర కిలోమీటరు నడిచాం. వెనక కాలు విరిగింది. మూడో రోజు ఆ లేడి చనిపోయింది, రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మొత్తం ఇప్పటికి పదకొండు సార్లు పిలిచారు. ఐదు ప్రాణంతో దొరికాయి, వాటిలో మూడు కోలుకుంటే వదిలేశారు. రెండు చనిపోయి దొరికాయి. నాలుగుసార్లు ఏమీ దొరకలేదు. ఆ నాలుగులో మూడు పొద్దున పదకొండు దాటాక మొదలుపెట్టినవి, ఒకటి ముందు రోజు పత్తికి మందు కొట్టిన చేను. మందు కొట్టిన చేన్లోకి కుక్కను దింపకండి, వాసన సంగతి అటుంచి కాళ్లు నాకితే ప్రాణం మీదికి వస్తుంది. మంచు తడి ఉన్న పొద్దుటి పూట ఈ కుక్క దేవత, ఎండ ఎక్కిన తర్వాత మామూలు పెంపుడు కుక్క. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారి ఎనిమిది దాటితే నేను బయటికి తీయను.

ఒక స్టార్ కోసింది దేనికంటే, దీని నడుము. పొడుగు వెన్ను, పొట్టి కాళ్లు, వెన్నుపూసల మధ్య డిస్కు జారే జబ్బు ఈ జాతిలో చాలా ఎక్కువ, దాదాపు నాలుగింట ఒకదానికి జీవితంలో ఎప్పుడో వస్తుందని చెప్తారు, ముదిరితే వెనక కాళ్లు పడిపోతాయి. బైకు మీద నుంచి దూకనివ్వకూడదు, అరుగు ఎక్కీ దిగీ చేయనివ్వకూడదు, లావెక్కనివ్వకూడదు. ఆఖరిది మా అమ్మకు అర్థం చేయించలేకపోతున్నాను, రొట్టె చేసిన ప్రతిసారీ మొదటిది బుడ్డిదే. ఎత్తేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద పెట్టాలి, పిల్లల్ని ఎత్తినట్టు చంకల్లో పట్టి వేలాడదీయొద్దు. మెడ పట్టీ కాకుండా ఛాతీ బెల్టు వాడమనేది కూడా అందుకే. నా మొదటి పట్టీ నైలాన్ తాడు, అరచెయ్యి కోసుకుపోయింది, తర్వాత వెడల్పు బెల్టు బట్టతో రాయచూరులో బ్యాగులు కుట్టే ఆయనతో కుట్టించాను, ఆన్‌లైన్ దానికంటే అదే మన్నింది. పొట్ట నేలకు దగ్గర కాబట్టి పల్లేరు, తుమ్మ ముళ్లు రోజూ ఏరాల్సిందే, గోమార్లు సరేసరి, పోయిన వానాకాలం వాటి జ్వరంతో మూడు వారాలు మందులు మింగించాం. పాముల భయం ఉంది, రాత్రిపూట పొలానికి తీసుకుపోను అంతే.

టీకాలు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయను. రేబిస్ ఒక్కటే కాదు, డిస్టెంపర్ కూడా. మన కుక్క నుంచి అడవి జంతువులకు అంటే జబ్బు అది, 2018లో గిర్‌లో సింహాలు వరుసగా చనిపోయినప్పుడు వాటిలో బయటపడింది ఆ వైరసే. అచ్చంపేట, మన్ననూరు వైపు వాళ్లు కొందరు నన్ను అడిగారు, మేమూ ఇట్లాంటిదాన్ని పెంచి అడవిలో తిప్పొచ్చా అని. వద్దు. అది టైగర్ రిజర్వ్, పులులు, చిరుతలు ఉన్న చోటికి పెంపుడు కుక్కను తీసుకుపోతే దానికీ ప్రమాదమే, వాటికీ ప్రమాదమే. నేను చెప్పేది బయట పొలాల మాట, అదీ ఫారెస్టోళ్లు పిలిచి పక్కన ఉన్నప్పుడు. మన అంతట మనం పోతే, చేతిలో పట్టీ ఉన్నా, చూసినవాడికి మనం వేటగాళ్లమే.

నాయిన ఇప్పటికీ దాన్ని పనికిరాని కుక్క అనే అంటాడు. మొన్న పత్తి విత్తినప్పుడు గట్టు మీద పడుకోబెట్టుకుని దానికి గోమార్లు ఏరుతున్నాడు, నేను చూశానని తెలిసి "పొద్దుపోక" అన్నాడు.

పోయిన నెల ఆ కెన్నెల్ వాడు ఫోన్ చేశాడు, నంబర్ ఇంకా దాచుకున్నట్టున్నాడు. "సార్, బీగిల్ పిల్లలు వచ్చినయ్, అరవై రోజులవి, టీకా అయింది, మీకైతే తగ్గించి ఇస్తా." నోరు తెరిచి పళ్ల ఫోటో పెట్టమన్నాను. ఇప్పటిదాకా రాలేదు.